ఎక్కే మూలం

వెలుగు పక్షం, విదియ

ఈ రోజు నుంచి వంటశాల గవరయ్య నా విద్యార్థి.

ఆయన గుండె లయను కాపాడుతూ ఛాతీలో ఒక చిన్న యంత్రం ఉంది. దాని బ్యాటరీ అయిపోవస్తోంది. దాన్ని మార్చే ఆస్పత్రి లోయకు అవతల, ఎగువగట్టు మీద ఉంది. చంద్రుడి మీది ఈ లోయలో మేముండేది దిగువగట్టు. అక్కడి నుంచి దిగి రావడానికి జారుతీగ ఉంది. ఇక్కడి నుంచి ఎక్కి వెళ్లడానికి ఒడిసెల తప్ప మరో సాధనం లేదు. మనిషిని గాలి నింపి మూసిన డొప్పలో కూర్చోబెడతాం, ఒడిసెల యంత్రం దాన్ని విసురుతుంది, అవతల వలవాళ్లు పట్టుకుంటారు. లోయలో గాలి లేదు కనుక డొప్పను దారిలో ఆపేదీ నెట్టేదీ ఉండదు. చంద్రుడి ఆకర్షణ మాత్రమే దాని దారిని వంచుతుంది.

వల పట్టాలంటే డొప్ప కంటికి కనిపించాలి. లోయ కప్పు చీలికలోంచి ఎండ దిగే ఈ పక్షంలోనే విసరగలం. తరువాత వచ్చే చీకటి పక్షాన్ని బ్యాటరీ దాటలేదని ఎగువగట్టు వైద్యురాలు కబురు పంపింది.

ఇక మా నియమం. డొప్పలో కూర్చునేవారు తమ లెక్క తామే కట్టాలి, తమ గీత తామే గీయాలి. తాను చదవలేని దారిలోకి ఎవరినీ తోయకూడదని ఈ గట్టు ఏర్పడిన తొలినాళ్లలో రాసుకున్నారు. నేర్పడం నా ఉద్యోగం.

గవరయ్యకు అరవై దాటాయి. పలకను చూసి నమస్కారం పెట్టాడు.

"పంతులమ్మ గారూ, ఎంతమందికి ఎన్ని ఉప్పురాళ్లో అడగండి, సెప్తాను. ఈ ఎక్సులూ వైలూ నా వల్ల కావండి."

"ఎక్సులు వద్దు లెండి. మనకు కావలసినవి రెండే. కాలం, ఎత్తు."

"కాలం నా కాడ నేదు, ఎత్తు అవతల గట్టున ఉంది. అయిపోయినట్టేనా పాఠం?"

చదరపు గడుల కాగితం పెద్దది తీసి ఇచ్చాను. అడ్డంగా సెకన్లు, నిలువుగా మీటర్లు గుర్తించడం వరకు ఈ రోజు జరిగింది. ఆయన త్వరగా అలిసిపోతున్నాడు. మధ్యలో రెండుసార్లు విరామం ఇచ్చాను.

వెలుగు పక్షం, చవితి

మనుషులను విసిరే వేగం మా దగ్గర చాలాకాలంగా ఒక్కటే. పైకి సెకనుకు పదహారు మీటర్లు, అవతలి గట్టు వైపు ఆరు మీటర్లు. ఎత్తు తెలియాలంటే, గడిచిన సెకన్లను పదహారుతో గుణించి, అందులోంచి సెకన్ల వర్గానికి 0.8 రెట్లు తీసివేయాలి. ఆ తీసివేతే చంద్రుడు తన వైపు లాక్కునే భాగం.

గవరయ్య పట్టిక శ్రద్ధగా నింపి చుక్కలు పెట్టి కలిపాడు. గీత వంగలేదు. కర్ర పెట్టి గీసినట్టు తిన్నగా కాగితం అంచు దాటింది.

"ఎక్కడికి వెళుతున్నారు?" అని అడిగాను.

"ఇలగైతే భూమ్మీద తేలతానండి. అక్కడ ఆస్పత్రి ఉన్నాదా?"

పట్టిక చూశాను. వర్గమంటే రెండింతలు అనుకున్నాడు. మూడు వర్గం ఆరు, నాలుగు వర్గం ఎనిమిది. ఈ పొరపాటు చేసినవారిని నేను ఎప్పుడూ తొందరపెట్టను, ఎందుకంటే రెండో సెకను దగ్గర అది పొరపాటులా కనిపించదు. రెండు రెట్టింపు చేసినా, వర్గం చేసినా నాలుగే. ఆ మాట చెప్పి, గడులతో చతురస్రాలు గీసి చూపించాను. మూడు వరుసల్లో మూడేసి గడులు. నాలుగు వరుసల్లో నాలుగేసి గడులు.

"ఓర్నీ, ఇది వరసల లెక్కా! పళ్లెంలో అప్పాలు సర్దినట్టు." మళ్లీ మొదలుపెట్టాడు.

ఈసారి రెండో సెకనుకు 28.8, నాలుగుకు 51.2, ఆరుకు 67.2, ఎనిమిదికి 76.8, పదికి 80. తరువాత పన్నెండుకు మళ్లీ 76.8 వచ్చేసరికి తప్పు చేశాననుకుని చెరపబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. చుక్కలన్నీ కలిపి గీస్తే నున్నటి పరావలయం వచ్చింది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు.

"ఇందులోనా నాను కూకునేది?"

"ఇందులోనే."

వెలుగు పక్షం, షష్ఠి

సమీకరణం సాధించడం ఈ రోజు మొదలుపెట్టాం. దానికి ముందు ఒక ప్రశ్న అడిగాను.

"పెనం మీది అట్టును ఎగరేస్తారు కదా. గోడమీది దీపం ముందునుంచి అది ఎన్నిసార్లు వెళుతుంది?"

"రెండుసార్లు. పోయేటప్పుడోసారి, వొచ్చేటప్పుడోసారి."

"సరిగ్గా దీపం దగ్గరికి వెళ్లి ఆగి దిగితే?"

"ఒకసారే."

"అసలు దీపం దాకా ఎగరకపోతే?"

"ఎవురో కుర్రోడు ఎగరేసినట్టు. నాను ఎగరేస్తే కప్పుకే అంటుకుంటాది."

సమీకరణానికి ఎన్ని జవాబులుంటాయో చెప్పే విచక్షణి ధనాత్మకమైతే ఏమవుతుంది, సున్నా అయితే, ఋణాత్మకమైతే ఏమవుతుందని నేను చెప్పవలసిన మూడు సంగతులూ అట్టుతో ముగిశాయి. పేరు తరువాత చెప్పాను.

వల మా గట్టు కన్నా అరవై మీటర్లు ఎత్తున ఉంది. డొప్ప ఎత్తు అరవై అయ్యే క్షణం కావాలి. సమీకరణాన్ని 0.8తో భాగించి శుభ్రం చేస్తే, కాలం వర్గం, అందులోంచి ఇరవై రెట్లు కాలం తీసి, డెబ్బైయైదు కలిపితే సున్నా. వర్గం పూర్తి చేయడం నేర్పాను. కాలంలోంచి పది తీసి వర్గం చేస్తే ఇరవైఐదు. కాబట్టి పదికి ఇటు ఐదు, అటు ఐదు. రెండు జవాబులు, అంటే రెండు మూలాలు వచ్చాయి. ఐదు, పదిహేను.

ఇక్కడ మా అలవాటు ఒకటి రాయాలి. చిన్న మూలాన్ని ఎక్కే మూలం అంటాం, పెద్దదాన్ని దిగే మూలం అంటాం. వల దిగే డొప్పనే పడుతుంది. అందుచేత ఎక్కే మూలాన్ని ఎర్రసిరాతో కొట్టేయడం మా గట్టులో పిల్లలకు మొదటి పాఠం. గవరయ్య చేతికి ఎర్రకలం ఇచ్చాను. కాసేపు పట్టుకుని, ఈ రోజుకు చాలన్నాడు.

వెలుగు పక్షం, అష్టమి

గట్టు పెద్ద నీలవేణి గారు పాఠం మధ్యలో వచ్చారు. నన్ను తలుపు దగ్గరికి పిలిచారు.

"రత్నం గారూ, ఎండ ఎన్నాళ్లుంటుందో మీకు తెలుసు. గోడమీది నమూనా చూసి గీయించెయ్యండి. కిందటిసారి వెళ్లినవాళ్లు కూడా అదే చేశారు."

మేం పాఠం చెప్పుకునే ఈ ఒడిసెల గది గోడమీద తాతల నాటి నమూనా గీత ఉంది. నలుపు గోడ, తెల్లరంగు. వెళ్లేవారిలో చాలామంది దాన్ని చూసి కాగితంమీద దించుకుని సంతకం చేస్తారు.

"ఆయన సగం నేర్చుకున్నాడు. మిగతా సగానికి రెండు రోజులు చాలు" అన్నాను.

"సగం నేర్చుకున్న మనిషి, సగం బ్యాటరీ. నాకు నిద్ర పట్టడం లేదండీ. వేగం మారదు, వల మారదు, గీత మారదు. ఇంక ఆయన నేర్చుకుంటే ఏమిటి, నేర్చుకోకపోతే ఏమిటి?"

ఆమె మాటలో కరుకుదనం లేదు. భయం ఉంది. గవరయ్య పెట్టిన అన్నం తిని పెరిగిన మనిషే ఆమె కూడా. ఆ రెండు రోజులే గడువు అడిగాను. తలూపి వెళ్లారు.

నేను తిరిగి వచ్చేసరికి గవరయ్య తలవంచుకుని ఉన్నాడు. అంతా విన్నాడు.

"నకలు కొట్టీమంటే కొట్టేస్తానండి. మీకు మాట రాకుండా."

"మీకేం కావాలి?"

కాగితం అంచులు సర్దుతూ అన్నాడు. "డొప్పకి కిటికీ ఉండదంట కదా. కళ్లు మూసుకున్నట్టే. ఎప్పుడెక్కడున్నానో లెక్కెట్టుకుంటుంటే భయం తగ్గుతాదని."

కిటికీ ఉంది, చిన్నది. అయినా ఆ మాటను నేను సరిదిద్దలేదు. రేపటికి కొత్త కాగితం సిద్ధం చేసి పెట్టాను.

వెలుగు పక్షం, నవమి

ఈ రోజు గవరయ్య మొత్తం లెక్క ఎవరి సాయం లేకుండా కట్టాడు. ఎక్కే మూలం దగ్గర ఎర్రకలం ఆగింది.

"ఇది కొట్టెయ్యాలా?"

"అవును. అక్కడ వల లేదు."

"వల నేదు. నాను ఉంటాను కదండీ? ఐదో సెకనులో నాను అక్కడే ఉంటాను. కొట్టేస్తే ఎక్కడికి పోతాను?"

"దారిలో ఉంటారు. అక్కడ పట్టవలసిన పని లేదు, అంతే."

"పట్టే పని నేదు సరే. అక్కడ ఏటుంది?"

నాకు తెలియదు. తెలుసుకోవలసిన అవసరం ఉందని ఎన్నడూ అనిపించలేదు.

లేచి గోడమీది నమూనా వైపు చూశాను. ఎనభై మీటర్ల శిఖరం దగ్గర మొదలై కుడివైపు వల దాకా దిగుతుంది ఆ గీత. ఎడమ సగం లేదు. అక్కడ తలుపు ఉంది. గీత గీసిన రోజున గోడ అంతే ఉంది, మిగతాది ద్వారబంధం. తలుపుమీద గీయడం దేనికని ఆ పెద్దలు శిఖరం నుంచి మొదలుపెట్టి ఉంటారు. మేము పుట్టిననాటి నుంచి సగం గీతనే చూస్తూ వచ్చాం.

ఐదో సెకను. సెకనుకు ఆరు మీటర్ల చొప్పున గట్టు నుంచి ముప్పై మీటర్ల దూరం. అరవై మీటర్ల ఎత్తు.

ఈ రెండు అంకెలనూ నేను ఇంకోచోట చదివాను. కిందటి ఏడాది లోయ కప్పు నుంచి వేలాడదీసిన కొత్త నీటిగొట్టం మా గోడకు ముప్పై మీటర్ల దూరంలో, అరవై మీటర్ల ఎత్తున, లోయ పొడుగునా వెళుతుంది. బిగించేముందు అది డొప్ప దారికి అడ్డం కాదని నిర్ధారించుకున్నారు. ఈ గోడమీది నమూనాతోనే పోల్చి చూశారు. సరుకు డొప్పలను వేరే చిన్న ఒడిసెల కింది వలకు విసురుతుంది కనుక వాటికి అది తగల్లేదు. మనిషిని విసిరి రెండేళ్లయింది.

గవరయ్య నా ముఖం చూస్తూ కూర్చున్నాడు.

"కొట్టెయ్యకండి" అన్నాను.

వెలుగు పక్షం, దశమి

నీలవేణి గారు, ఒడిసెల నడిపే సన్యాసమ్మ, నేను, గవరయ్య కూర్చున్నాం. గవరయ్య కాగితంమీద గొట్టాన్ని చిన్న సున్నాగా గుర్తించాను. గీత దాని మధ్యలోంచి వెళుతోంది.

సన్యాసమ్మ కాగితాన్ని తిప్పి తిప్పి చూసింది. "నా చేత్తోనే లాగుదును కదమ్మా మీట. నా చేత్తోనే."

"నమూనా తప్పా?" అని నీలవేణి గారు అడిగారు.

"ఉన్నంతవరకు సరైనదే. సగమే ఉంది."

గొట్టం తీయడం సాధ్యం కాదు. నీరు ఆపితే లోపలే గడ్డకడుతుంది. ఖాళీ చేసి విప్పి పక్కకు జరిపేసరికి చీకటి పక్షం సగం గడుస్తుంది. ఈ గట్టుమీద అందరూ తాగేది ఆ నీరే.

గవరయ్యే మాట్లాడాడు. "అయితే నాను వంటశాలకి పోతానండి. పప్పు నానబెట్టి వొచ్చాను."

"కూర్చోండి" అన్నాను. బహుశా గట్టిగానే అన్నాను. "గొట్టం కదలదు. వల కదలదు. గీత కదులుతుంది."

"వేగం మార్చడమా?" అంది సన్యాసమ్మ. "నాకు ముందు మీట లాగిన మా అమ్మ పోయిన కాడినుంచి నాను మార్చలేదు. మారుతాదో నేదో, వేగం తిప్పే బిళ్ల తుప్పట్టిపోయుంటాది."

"సాయంత్రంలోగా చూసి చెప్పు" అన్నారు నీలవేణి గారు. తరువాత నా వైపు తిరిగారు. "లెక్క మీరు కడతారా?"

"ఆయన కడతారు."

ఆమె అభ్యంతరం చెప్పలేదు.

వెలుగు పక్షం, ఏకాదశి

బిళ్ల తిరుగుతోందని సన్యాసమ్మ ఉదయమే చెప్పింది. అరచేతులు నల్లగా ఉన్నాయి.

గవరయ్యకు ఒక్క సంగతి మాత్రం కొత్తగా చెప్పాను. వల ఎత్తు మారనంత వరకు, ఏ వేగంతో విసిరినా, రెండు మూలాల లబ్ధం మారదు. అరవైని 0.8తో భాగిస్తే వచ్చే డెబ్బైయైదే. ఐదు పదిహేనులు డెబ్బైయైదు. వాటి మొత్తాన్ని 0.8తో గుణిస్తే పైకి విసరవలసిన వేగం. తొంభై మీటర్ల లోయను దిగే మూలంతో భాగిస్తే అవతలికి విసరవలసిన వేగం.

"అంటే ఒక మూలం నాను కోరుకుంటే రెండోది అదే వొస్తాది."

"వస్తుంది. గొట్టం కింద నిలువునా పది మీటర్ల ఎడం ఉండేలా కోరుకోండి."

మొదట దిగే మూలం పద్నాలుగు తీసుకున్నాడు. భాగహారం తెగలేదు. నుదురు తుడుచుకుని చివరిదాకా చేశాడు. డొప్ప గొట్టం కిందినుంచే వెళుతుంది, కానీ ఎడం ఐదు మీటర్లే. కాగితం పక్కన పెట్టాడు. జవాబు చెప్పేయాలని నాలుక చివరిదాకా వచ్చింది. చాక్‌పీసు బల్లమీద పెట్టి, చేతులు ఒడిలో పెట్టుకున్నాను.

"ఈసారి ఎక్కేదాన్ని కోరుకుంటానండి" అన్నాడు. "ఆరు. డెబ్బైయైదుని ఆరుతో... పన్నెండున్నర."

మొత్తం పద్దెనిమిదిన్నర. పైకి వేగం 14.8. అవతలికి 7.2. గొట్టం దూరానికి చేరేసరికి నాలుగు సెకన్లు దాటుతుంది, ఎత్తు నలభై ఎనిమిదికి కాస్త తక్కువ. గొట్టం పన్నెండు మీటర్లు పైన ఉంటుంది. మళ్లీ సూత్రంతో సరిచూడమన్నాను. విచక్షణి 42.25, దాని వర్గమూలం ఆరున్నర. పద్దెనిమిదిన్నరలోంచి ఆరున్నర తీసి సగం చేస్తే ఆరు. కలిపి సగం చేస్తే పన్నెండున్నర.

గీత గీశాడు. ఎడమ చివర నుంచి కుడి చివర దాకా, చెయ్యి ఎత్తకుండా. కింద సంతకం పెట్టాడు. రెండు మూలాల చుట్టూ సున్నాలు చుట్టాడు. ఎర్రకలం అడగలేదు, నేను ఇవ్వలేదు.

వెలుగు పక్షం, ద్వాదశి

నమూనా గీతకు పరీక్ష విసురు అక్కరలేదన్నది పాత పద్ధతి. ఇది కొత్త గీత. గవరయ్య బరువుకు సరిపడా ఇసుకమూట డొప్పలో పెట్టి విసిరాం.

గొట్టం కిందినుంచి చక్కగా వెళ్లింది. సరిగ్గా వల దగ్గరికే చేరింది. వలలో నిలవలేదు. అంచుకు తగిలి జారి లోయలోకి పోయింది.

ఎగువగట్టు వలకాపు జకరయ్య గొంతు రేడియోలో వచ్చింది. "అమ్మా, అది పైనుంచి పడట్లేదు, పక్కనుంచి దూసుకొస్తోంది. ఇదేం విసురు?"

"దిగే వేగం తగ్గింది, అడ్డం వేగం పెరిగింది. వలను పడుకోబెట్టకుండా మా వైపుకు నిలబెట్టాలని నిన్న చెప్పాను, జకరయ్య గారూ."

"నిలబెట్టాం కదా."

"ఎంత?"

"కొంచెం. ముప్పయ్యేళ్లు పడుకోబెట్టి పట్టిన చేతులమ్మా, ఇంకా ఎత్తుతుంటే ఏదో తప్పు చేస్తున్నట్టుంది."

ఏ కోణమో మరోసారి చెప్పాను. గవరయ్య కాగితంమీద గీత చివర ఎటు వంగి ఉందో, వల దానికి అడ్డంగా నిలవాలని వివరించాను. జకరయ్య తన దగ్గరి పలకమీద గీసుకున్నాడు. రెండో మూట వలలో పడింది. మూడోదీ పడింది.

గవరయ్య మూడింటినీ కిటికీలోంచి చూశాడు. వెళ్లేటప్పుడు, లోయలో పడ్డ మొదటి మూటను తలుచుకుని, "ఇసక మంచిదే కదండీ, ఏరుకోవచ్చు" అన్నాడు.

వెలుగు పక్షం, త్రయోదశి

ఎండ సన్నబడింది. వల మీద మాత్రం ఇంకా పడుతోంది.

గవరయ్య డొప్పలో కూర్చున్నాడు. తన కాగితాన్ని మోకాళ్లమీద పరిచి కట్టుకున్నాడు. నీలవేణి గారు కాగితం చదివి, నియమం ప్రకారం అడిగారు. "ఇది మీ గీతేనా?"

"నాదేనండి. రెండు కొసలూ నాయే."

సన్యాసమ్మ మీట లాగింది.

రేడియోలో ఆయన లెక్కపెట్టడం వినిపిస్తూనే ఉంది. ఒకటి. రెండు. మూడు. నాలుగు దగ్గర గొంతు కాస్త తగ్గింది. "గొట్టం కిందున్నాను. దానికి మంచు పట్టింది. శానా ఉంది." ఐదు.

"ఆరు. ఎక్కే మూలం." కిటికీలోంచి చూసి ఉంటాడు. "పంతులమ్మ గారూ, ఇక్కడ ఏటీ నేదండి. కాళీగా ఉంది."

నీలవేణి గారు నా భుజంమీద చెయ్యి వేశారు.

తొమ్మిది దాటాక, "ఇప్పుడు ఎక్కడం నేదు, దిగడం నేదు" అన్నాడు. పది. పదకొండు. పన్నెండు అన్న మాట సగంలో తెగింది. తరువాత రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు.

అప్పుడు జకరయ్య గొంతు. "పట్టాం. వల నిలబెట్టే పట్టాం. మీ వంటాయన ఎవరినో తిడుతున్నాడు, బతికే ఉన్నాడు."

మరుసటి వెలుగు పక్షం, పంచమి

చీకటి పక్షంలో నమోదు చేయదగినది ఒక్కటే. గవరయ్య యంత్రానికి కొత్త బ్యాటరీ వేశారు.

ఈ రోజు ఆయన జారుతీగ మీద దిగి వచ్చాడు. వంటశాలకు వెళ్లకముందే ఒడిసెల గదికి వచ్చాడు. పాత నమూనా తుడిచేశాం. దాని స్థానంలో ఆయన గీతను గోడమీదికి పెంచి గీశాను. ఎడమ సగం తలుపుమీదికి వచ్చింది. పలకల సందుల్లో రంగు సరిగా పట్టక రెండు పూతలు వేశాను. గొట్టం ఉన్నచోట సున్నా చుట్టాను.

గవరయ్య తలుపు ముందు నిలబడి, జేబులోంచి బొగ్గుముక్క తీశాడు. ఆరో సెకను దగ్గర చిన్న చుక్క పెట్టి, పక్కన వంకర అక్షరాలతో "ఇక్కడ నేను ఉన్నాను" అని రాశాడు.

"ఎవురైనా సెరిపేస్తారేమో" అన్నాడు.

"చెరపనివ్వను" అన్నాను.

తలుపు తెరిస్తే గీత విరిగిపోతుంది. ఎక్కే సగం పక్కకు తిరిగి గోడను చూస్తుంది. అందుకని సన్యాసమ్మ కొత్త అలవాటు ఒకటి మొదలుపెట్టింది. మీటమీద చెయ్యి వేశాక, గది వైపు తిరిగి అడుగుతుంది.

"తలుపేశారా?"

వేశామని ఎవరో ఒకరు చెప్పాకనే లాగుతుంది.